శెనక్కాయ వేరుకు కాస్తుందా? ఏడో తరగతికి పువ్వు పాఠం మీరెట్ల చెప్తున్నారు?

కళ్యాణదుర్గం సారు
పువ్వు పాఠం పోయిన వారం అయిపోయింది. మందార బొమ్మ గీసి భాగాలు రాయమంటే ముప్పై రెండు మందిలో ఇరవై ఎనిమిది మంది తప్పు లేకుండా రాసినారు. సంతోషపడినా. ఆ తర్వాత ఊరికే అడిగినా, శెనక్కాయ అంటే చెట్టులో ఏ భాగమని. క్లాసంతా ఒక్క గొంతుతో "వేరు సార్" అన్నారు.

వీళ్ళల్లో చాలామంది సెలవుల్లో చేనులో శెనక్కట్టె పీకినోళ్ళు, ఇంట్లో కాయ ఒలిచినోళ్ళు. అండాశయమే కాయ అవుతుందని నోట్సులో రాసింది కూడా వీళ్ళే. రెండూ ఒకటేనని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆ రోజు రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మీ దగ్గర ఎట్ల చెప్తున్నారో రాయండి.

గుత్తి మేడం
సార్, నాకూ ఇదే జరిగింది. అప్పటినుంచి ఈ పాఠాన్ని జూన్‌లోనే మొదలుపెడుతున్నా. రెండు పాత బకెట్లకు అడుగున బొక్కలు పెట్టి, ఎర్రమట్టి పోసి, విత్తనాలు వేయిస్తాం. ఇంచుమించు నెలకు పూత వస్తుంది. పసుపు పువ్వు, చూడ్డానికి బఠాణీ పువ్వు మాదిరి ఉంటుంది. పొద్దున విచ్చుకుంటుంది, ఎండ ఎక్కేసరికి వాడిపోతుంది. అందుకే పువ్వును ప్రార్థనకు ముందే చూపించాల.

ఒక్కో పిల్లోడు ఒక పువ్వు పక్కన రంగు దారం కడతాడు. పువ్వు రాలిపోతుంది, కొన్ని రోజులకు అదే చోటినుంచి ఊడ, అంటే నేలలోకి పోయే సన్నని కాడ, దిగుతుంది. ఆ ఊడ మొనలోనే అండాశయం ఉందని అప్పుడు చెప్పాల, ముందు చెప్పకూడదు. ఇంకో బకెట్లో కొన్ని ఊడల కింద ప్లాస్టిక్ డబ్బా మూత పెడతాం, మట్టి తగలకుండా. వాటికి కాయ పట్టదు. ఊడ చీకట్లోకి, తేమలోకి పోతేనే మొన ఉబ్బి కాయ అవుతుంది. పోయినేడు ఇది చూసి ఒక పిల్లోడు, "అందుకేనా మేడం, ఊడ దిగేటప్పుడు వాన పడకపోతే మా నాయన తల పట్టుకుంటాడు" అన్నాడు. నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగలేదు కదా. ఇన్నేండ్లలో నా క్లాసులో వినిన మాటల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే.

పత్తికొండ నుంచి
మేడం, బాగుంది గానీ పీరియడ్ నలభై ఐదు నిమిషాలు. పరీక్షల్లో అడిగేది బొమ్మే. మైక్రోస్కోప్ ఉంది, లెన్సు బూజు పట్టింది. సిలబస్ ఎట్ల పూర్తి చేయాల?

గుత్తి మేడం
బకెట్‌కు రోజుకు రెండు నిమిషాలే పడుతుంది సార్, నీళ్ళు పోసేది పిల్లలే. పాఠం రోజు కొత్తగా చెప్పాల్సింది తక్కువ. పరీక్షకు ముందు రివిజన్ నాకు సగం తగ్గిపోయింది. లెన్సు లేకపోయినా జరిగేవి ఉన్నాయి. మధ్యాహ్న భోజనంలో అన్నం మీద, ఇంటినుంచి తెచ్చిన రాగి సంగటి మీద, నీళ్ళు కలిపిన బెటాడిన్ ఒక చుక్క వేయండి, నల్లనీలం అవుతుంది. శెనక్కాయ గింజను కాగితం మీద రుద్దితే నూనె మరక పడుతుంది. పిండిపదార్థం, కొవ్వు రెండూ పది నిమిషాల్లో తేలిపోతాయి. చుక్క వేసిన ముద్ద మాత్రం ఎవరూ తినకుండా చూసుకోండి.

ఆదోని వైపు టీచరు
నేను చెప్పేది కొంచెం బరువైన సంగతి. మా వైపు విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పని, అంటే ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేత్తో రుద్దే పని, ఉంటుంది. ఆ నెలల్లో నా క్లాసులో బెంచీలు ఖాళీ అవుతాయి. ఒక ఏడు రెండు నెలల తర్వాత వచ్చిన అమ్మాయిని, పరాగ సంపర్కం పాఠం పోయింది కదా, ఎట్ల నేర్చుకుంటావమ్మా అని అడిగినా. ఆ పిల్ల లేచి చెప్పింది: సాయంత్రం, తెల్లారి విచ్చుకోబోయే మొగ్గను పట్టుకొని, రెక్కలూ వాటితోపాటు పుప్పొడి తిత్తులూ గోటితో తీసేయాల, నడుమ ఉండే కాడ విరగకూడదు. పొద్దున మగ సాలు (పుప్పొడి కోసం వేసిన వరస) పువ్వు తెచ్చి ఆ కాడ కొసకు పుప్పొడి రుద్దాల. తిత్తులు ముందు రోజే ఎందుకు తీస్తారంటే, "దాని పుప్పొడి దానికే పడితే వాళ్ళకు కావాల్సిన విత్తనం రాదు సార్" అంది. స్వపరాగ సంపర్కం, పరపరాగ సంపర్కం నేను పుస్తకంలో చదివి చెప్పినవి. ఆ పిల్ల చేత్తో చేసినవి.

ఆ రోజు పాఠం ఆ పిల్లతోనే చెప్పించినా. మందార, పత్తి, బెండ ఒకటే కుటుంబం కాబట్టి పుస్తకంలో బొమ్మనే పత్తి పువ్వుగా చూపించినా: ఐదు రెక్కలు, కేసరాలన్నీ కలిసిన గొట్టం, దాని మధ్యలోంచి కీలం. సాయంత్రం వాళ్ళ ఇంటికి పోయి, ఈ పిల్ల చేనులో ఉండాల్సింది కాదు, బడిలో ఉండాల అని చెప్పినా. ఆ తర్వాత ఏడు కూడా పోయినా. ఇది చదివే సార్లు, మేడంలు పాఠంతో పాటు ఆ పని కూడా చేయాలని నా మనవి.

సిద్ధవటం దగ్గర
ఎనిమిదో తరగతికి జీవుల సంరక్షణ పాఠంలో నేను చేసేది రాస్తా. బడి గోడ పక్కన రెండు మీటర్ల పొడవున మెత్తటి ఇసుక పరిచి, సాయంత్రం చదును చేస్తాం. పొద్దున వచ్చి అడుగులు చదువుతాం. కుక్క, పిల్లి, తొండ, గువ్వ, ఒకసారి ముంగిస. మా పక్క లంకమల అడవిలో కలివికోడి అనే అరుదైన పక్షిని వెతికినోళ్ళు కూడా ఇట్లనే ఇసుక పట్టీలు పరిచి అడుగులు చూసినారు. 1900 తర్వాత ఎవరి కంటా పడక, ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో మా పక్కనే రెడ్డిపల్లి దగ్గర దొరికింది. రాత్రిపూట తిరిగే పక్షి, కాబట్టి దాని జాడ తెలిసినోళ్ళు ఊరోళ్ళే. పట్టి చూపించిందీ స్థానికులే. ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

కళ్యాణదుర్గం సారు
అందరికీ నమస్కారం. మూడు వారాల తర్వాత రాస్తున్నా. బకెట్‌కు ఈ ఏడు ఆలస్యమైంది కాబట్టి ఒక పిల్లోడి నాయనను అడిగి, వాళ్ళ చేను గట్టు పక్కన నాలుగు మొక్కలు మట్టితో సహా తవ్వి తెచ్చుకున్నాం. ఊడలు కళ్ళారా చూసినారు. వేరు మీద బుడిపెలు చూసి "పురుగు పట్టింది సార్" అన్నారు. బ్లేడుతో నేనే కోసి చూపించినా, లోపల గులాబీ రంగు. అది బ్యాక్టీరియా కాపురమనీ, గాలిలో నత్రజనిని చెట్టుకు అందిస్తుందనీ, ఆ రంగు ఉంటే పని జరుగుతున్నట్టనీ చెప్పినా. ఇంటికి పోయి చేనులో కోసి చూసినోళ్ళు ఐదుగురు.

నిన్న వెనక బెంచీ అమ్మాయి అడిగింది: "ఊడకు కింద ఏదో ఎట్ల తెలుసు సార్?" నేను జవాబు చెప్పలేదు. తెచ్చిన మొక్కల్లో ఒకదాన్ని డబ్బాతో సహా పక్కకు పడుకోబెట్టినాం. ఇంకా మట్టి తాకని ఊడలు మూడు ఉన్నాయి దానికి, వాటికి దారాలు కట్టినాం. సోమవారం ఎటు వంగినాయో చూసి రాస్తా.