మెదడులో ఇన్‌ఫ్లమేషన్: ఎక్సోజోమ్‌లు పెంచుతాయా, తగ్గిస్తాయా?

ఓరుగల్లు_కుర్రోడు:
మా పెదనాన్నకు పక్షవాతం వచ్చి నెలలు గడిచాయి, కుడి చెయ్యి ఇంకా సరిగ్గా లేవట్లేదు. హన్మకొండలో ఒక క్లినిక్ వాళ్లు ఎక్సోజోమ్ (కణాలు వదిలే అతి చిన్న బుడగలట) సెలైన్ ఎక్కిస్తే మెదడులో ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) పోతుందని పాంప్లెట్ చేతిలో పెట్టారు. నెట్‌లో చూస్తే ఆ ఎక్సోజోమ్‌లే ఇన్‌ఫ్లమేషన్ పెంచుతాయని ఉంది. ఏది నమ్మాలి?

నక్కలగుట్ట_అన్న:
పెంచుతాయి, డౌటే లేదు. మెదడులో మైక్రోగ్లియా అని కాపలా కణాలుంటాయి. పక్క కణం దెబ్బతిని ఏటీపీ అనే శక్తినిచ్చే పదార్థం బయటికి కారితే చాలు, ఇవి పీ2ఎక్స్7 అనే రిసెప్టర్‌తో పసిగట్టి ఇన్‌ఫ్లమేషన్ పెంచే ఐఎల్-1బీటా ప్రోటీన్ నింపిన బుడగలు వదులుతాయి. 2015లో ఎలుకల్లో మైక్రోగ్లియాను తగ్గించి చూశారు, ఎక్సోజోమ్‌ల తయారీ ఆపి కూడా చూశారు, రెండుసార్లూ అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే టావ్ ప్రోటీన్ పాకడం తగ్గింది. ఎక్సోజోమ్‌లను ఆపే మందు వెతకాలి గానీ ఇంకా ఎక్కించుడేంది?

ల్యాబ్_అక్క:
అన్నా, ఎలుకల సంగతి నిజమే, దాన్నిబట్టి బుడగలన్నీ చెడ్డవంటే మాత్రం ఒప్పుకోను. నువ్వు చెప్పిన ఐఎల్-1బీటా బుడగలు కణం పైపొర నుంచి ఊడిపడేవి. ఎక్సోజోమ్ కణం లోపల తయారై బయటికొస్తుంది, సైజు 30 నుంచి 150 నానోమీటర్లు. నరాల తీగలకు పొర చుట్టే ఆలిగోడెండ్రోసైట్ కణాలు వదిలే ఎక్సోజోమ్‌లను మింగిన న్యూరాన్లు (నాడీకణాలు) ఒత్తిడిని బాగా తట్టుకున్నాయని ల్యాబ్‌లో పెంచిన కణాల్లో చూపించారు. మూలకణాల ఎక్సోజోమ్‌లు తలకు దెబ్బ తగిలిన ఎలుకల్లో ఇన్‌ఫ్లమేషన్ తగ్గించాయి కూడా. ఒక దాంట్లో దొంగ ఎక్కాడని డిపోలో బస్సులన్నీ ఆపేస్తామా? ఏ కణం, ఏ స్థితిలో, లోపల ఏం పెట్టి పంపింది అన్నదే అసలు లెక్క.

నక్కలగుట్ట_అన్న:
అంటే క్లినిక్ వాళ్లకు వత్తాసా?

ల్యాబ్_అక్క:
అస్సలు కాదు. ఆ ఎలుకలకు దెబ్బ తగిలిన గంటల్లోనో, మర్నాడో ఇచ్చారు. పెదనాన్నది నెలల కిందటి మాట. పైగా నరానికి ఎక్కిస్తే ఎక్కువ భాగం కాలేయం, ప్లీహంలోనే చిక్కుకుంటుంది, మెదడు దాకా వెళ్లేది తక్కువ. ఇక శుద్ధి సంగతి... అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అనే అతివేగంగా తిప్పే యంత్రంలో గంటల తరబడి తిప్పితే గొట్టం అడుగున కనీకనిపించనంత మరక లాంటిది చేరుతుంది, అందులో ఎక్సోజోమ్‌లతో పాటు వేరే ప్రోటీన్లూ దిగిపోతాయి. ల్యాబ్‌లోనే ఇంత తిప్పలుంటే క్లినిక్ వయల్‌లో ఏముందో ఎవరు చూశారు? నెబ్రాస్కాలో ఎక్సోజోమ్ ఉత్పత్తులు వాడినవాళ్లకు తీవ్ర సమస్యలొచ్చాయని, తాము ఆమోదించిన ఎక్సోజోమ్ ఉత్పత్తి ఒక్కటీ లేదని 2019 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. తమ్ముడూ, ఏ కణాల నుంచి తీశారో, ఎన్ని ఉన్నాయో, ఎవరు టెస్ట్ చేశారో కాగితం మీద రాసిమ్మని అడుగు. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టు.

నక్కలగుట్ట_అన్న:
సెలైన్ వద్దన్నంత వరకు నీతోనే ఉన్నా. ఆపే మందు మాట మీద మాత్రం తగ్గేది లేదు.