ఓడ పేరులో ‘ది’ తీసేస్తే నలుగురు తగ్గిపోయారు

అందరికీ నమస్తే. ఒక అక్షరం గురించి గొడవ. మీరే తేల్చాలి.

యుద్ధనౌకల పేర్ల మీద ఒక పత్రికకి వ్యాసం రాశాను. అందులో అమెరికా నేవీ డిస్ట్రాయర్ ఒకటుంది, ‘యూఎస్ఎస్ ది సల్లివన్స్’. 1997 ఏప్రిల్ 19న న్యూయార్క్ స్టాటెన్ ఐలండ్‌లో నేవీలో చేరింది. ప్రూఫులు చూసినాయనకి ఆ ‘ది’ అచ్చుతప్పులా కనిపించింది, కొట్టేశాడు. ఆ ఊపులో చివరి ‘స్’ కూడా ఎగిరిపోయింది. బొమ్మ కింద ‘సల్లివన్ అనే నావికుడి పేరు పెట్టిన విధ్వంసక నౌక’ అని అచ్చయింది.

ఇప్పుడున్నది ఆ పేరుతో రెండో ఓడ. మొదటిదానికి 1943లో పేరు పెట్టినప్పుడే ఈ పేచీ వచ్చింది. కట్టడం మొదలుపెట్టినప్పుడు దాని పేరు పట్నమ్. తర్వాత ‘సల్లివన్’ అని మార్చారు. అప్పుడు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కల్పించుకుని ‘ది సల్లివన్స్’ చేయించాడు. ఒక్కడు కాదు, అయిదుగురు అన్నదమ్ములని తెలియాలి కదా! ఆయన దిద్దిన తప్పుని మావాడు ఇన్నేళ్ల తర్వాత మళ్లీ వెనక్కి తెచ్చాడు.

కథ తెలియనివాళ్లకి: ఐయోవా రాష్ట్రంలో వాటర్లూ వాళ్ల ఊరు. జార్జి, ఫ్రాన్సిస్, జోసెఫ్, మాడిసన్, ఆల్బర్ట్. పెద్దవాడికి 27, చిన్నవాడికి 20. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత, అందర్నీ ఒకే చోట ఉంచితేనే వస్తామని చెప్పి మరీ నేవీలో చేరారు. 1942 నవంబర్ 13న గ్వాడల్‌కెనాల్ దగ్గర జపాన్ జలాంతర్గామి కొట్టిన టార్పెడోకి వాళ్ల క్రూయిజర్ ‘జూనో’ పేలిపోయింది. దాదాపు ఏడు వందలమందిలో నీళ్లలోంచి ప్రాణాలతో బయటికి తీసింది పదిమందినే. ఆ పదిమందిలో వీళ్లు ఒక్కరూ లేరు.

తెలుగులో ‘ది’ లాంటిది లేదు. మరి ఈ పేరు తెలుగులో ఎలా చెప్పాలి?

— — —

జవాబు, విశాఖ నుంచి:

ముందు ఆ ప్రూఫులాయన మీద జాలి చూపించండి. ‘యూఎస్ఎస్ ది’ అని రాస్తే నేనూ ‘ఎవరిదీ ఓడ? యూఎస్ఎస్‌ది’ అన్నట్టే చదివాను. నన్నడిగితే ‘సల్లివన్‌వారు’. మా వైపు పూసపాటివారు అంటే ఒక్క మనిషి గుర్తుకు రాడు, మొత్తం ఇల్లు గుర్తుకొస్తుంది. ఇంగ్లీషు ‘ది’, ‘స్’ రెండూ కలిసి చేసే పని మన ‘వారు’ ఒక్కటే చేసేస్తుంది. ఇంకాస్త మా యాసలో కావాలంటే సల్లివనోళ్లు.

— — —

జవాబు, రిటైరైన తెలుగు మాస్టారు:

‘వారు’ బాగుంది గానీ చిక్కుంది బాబూ. మన దగ్గర వారు అంటే బహువచనమూ కావచ్చు, మర్యాదా కావచ్చు. ‘మావారు ఊళ్లో లేరు’ అంటే ఎంతమంది లేనట్టు? ‘సల్లివన్‌వారి ఓడ’ అంటే సల్లివన్ అనే ఆసామి కొనుక్కున్న ఓడ అనుకోవచ్చు. పైగా ఇంటివారంటే తల్లిదండ్రులూ, ఆడపిల్లా అందరూ వస్తారు. వాళ్లకి ఒక అక్కచెల్లెలు ఉండాలే?

‘సోదరులు’ అంటే తప్పు లేదు, రైట్ సోదరులు అని రాస్తూనే ఉన్నాం. ఒకే కడుపున పుట్టినవాళ్లని అర్థం. కానీ ఇక్కడ నా ఓటు ‘అన్నదమ్ములు’కి. ఇంగ్లీషు బ్రదర్‌లో పెద్దా చిన్నా తేడా లేదు. మన మాటలో అన్నా ఉన్నాడు, తమ్ముడూ ఉన్నాడు. అన్న పక్కన చేరేసరికి తమ్ముడి ‘త’ మెత్తబడి ‘ద’ అయింది. గసడదవాదేశం అని బట్టీ పట్టించేవాళ్లం, తల్లిదండ్రుల్లోనూ అదే. అన్న పక్కన తమ్ముడు మెత్తబడటం బడిలో పిల్లలకి చెబితే నవ్వేవాళ్లు.

— — —

జవాబు, డాక్‌యార్డులో పనిచేసిన మనిషి:

పేరు సంగతి మీరు చూసుకోండి. నా బాధ ‘విధ్వంసక నౌక’. దేన్ని విధ్వంసం చేస్తుందండీ? 1890లలో టార్పెడోలు మోసుకుని చిన్న పడవలు దూసుకొచ్చి పెద్ద పెద్ద ఓడల్ని ముంచేస్తుంటాయన్న భయంతో, వాటిని వేటాడటానికి బ్రిటిష్ నేవీ కట్టించింది వీటిని. పూర్తి పేరు ‘టార్పెడో పడవల డిస్ట్రాయర్’. వాడుకలో ముందు సగం రాలిపోయింది. మనం ఆ మిగిలిన సగాన్ని సంస్కృతంలోకి మార్చుకున్నాం, ప్రళయకాల రుద్రుడిలా తయారైంది. నేను డిస్ట్రాయర్ అనే అంటాను.

చిన్న పడవల మాట వచ్చింది కాబట్టి: 2000 జనవరిలో యెమెన్ దేశపు ఏడెన్ రేవులో ఈ సల్లివన్స్ మీదికే ఉగ్రవాదులు పేలుడు సామాను నింపిన పడవ బయల్దేరింది. బరువెక్కువై దారిలోనే మునిగింది. అక్టోబర్‌లో అదే రేవులో ‘కోల్’ అనే డిస్ట్రాయర్‌ మీదికి వచ్చిన పడవ మునగలేదు. 17 మంది నావికులు పోయారు.

ఇంకోటి కూడా. మన ఐఎన్ఎస్ విశాఖపట్నం ముంబైలో 2015లో నీళ్లలోకి దిగింది, నేవీలో చేరింది 2021 నవంబర్ 21న. పేపర్లో చూస్తే రెండింటికీ ‘జలప్రవేశం’ అనే రాస్తారు. ఓడ ఆరేళ్లకోసారి నీళ్లలోకి దూకుతుందా?

— — —

పోస్టు పెట్టినామె:

మాస్టారూ, మీరన్నది నిజమే, జెనెవీవ్ అని ఒక్కతే ఆడపిల్ల. తర్వాత ఆవిడా నేవీలో పనిచేసింది. కాబట్టి ‘వారు’ కుదరదు, ‘తోబుట్టువులు’ అసలే కుదరదు. అన్నదమ్ములే.

అయితే వ్యాసంలో ఇంకో వాక్యం దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. 1943 జనవరిలో నేవీవాళ్లు ముగ్గురు ఇంటికొచ్చి మీ అబ్బాయిల గురించి కబురు తెచ్చామన్నారట. తండ్రి థామస్ రైల్వేలో పని, డ్యూటీకి బయల్దేరుతున్నాడు. ‘ఏ ఒక్కడు?’ అన్నట్టు అడిగాడు. ముందు ‘ఎవరు?’ అని రాశాను. కానీ మన ‘ఎవరు’ ఒకరికీ సరిపోతుంది, పదిమందికీ సరిపోతుంది. ఆయన మనసులో ఉన్నది ఒక్కడే. అందుకే ‘ఎవడు?’ అని మార్చాను. కన్నకొడుకులు కదా, అమర్యాద లేదు. దానికి వచ్చిన జవాబు తెలుగులో ఒక్క మాట చాలు: ‘అయిదుగురూ’. ఆ చివరి దీర్ఘం తీసేస్తే అది ఉత్త లెక్క.

ఆ ఏప్రిల్‌లో మొదటి ఓడని నీళ్లలోకి దింపింది తల్లి అలీటా. డాక్‌యార్డు గారూ, అది మాత్రం నిజంగా జలప్రవేశమే.

— — —

జవాబు, విశాఖ నుంచి:

ఆ ఓడకి ఒక నినాదం కూడా ఉందిగా, ‘వీ స్టిక్ టుగెదర్’, కలిసే ఉంటాం అని. ఇంగ్లీషు ‘వీ’ ఇక్కడ మేమా, మనమా?

— — —

తెలుగు మాస్టారు:

మంచి ప్రశ్న. ఆ అన్నదమ్ములు నేవీవాళ్లతో అంటే మేము. ఒకళ్లతో ఒకళ్లు అనుకుంటే మనము. ఇప్పుడు ఆ ఓడ మీద పనిచేసేవాళ్లు తమలో తాము అనుకున్నా మనమే. అదృష్టం ఏమిటంటే ‘ఉంటాం’ రెండింటికీ ఒకటే రూపం. మేము, మనము రెండూ వదిలేసి ‘కలిసే ఉంటాం’ అనండి. ఎవరిది వాళ్లు కలుపుకుంటారు.

— — —

పోస్టు పెట్టినామె:

సవరణ పంపుతున్నాను: ‘అయిదుగురు సల్లివన్ అన్నదమ్ముల పేరు పెట్టిన డిస్ట్రాయర్, యూఎస్ఎస్ ది సల్లివన్స్.’ ‘ది’ ముట్టుకోవద్దని పక్కన ఎర్ర ఇంకుతో రాశాను. మాస్టారూ, అయిదుగురా, ఐదుగురా?

— — —

తెలుగు మాస్టారు:

రెండూ ఒప్పేనమ్మా. ఆ ప్రూఫులాయనకి ఏది నచ్చితే అది ఉంచుకోమను, ఈసారి ఒకటైనా ఆయన మాట నెగ్గనీ.