అమ్మ తెలుగు, నాన్న ఉర్దూ: షికాగోలో కెరీర్ ఎలా మొదలుపెట్టాలి?

కొత్తగా వచ్చిన చెల్లి:
అందరికీ నమస్తే, సలాం. పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేయడానికి హైదరాబాద్ నుంచి వచ్చాను. అమ్మవాళ్లది నల్లగొండ, నాన్నవాళ్లది పాతబస్తీ. తెలుగు చదవడం, రాయడం వచ్చు. ఉర్దూ మాట్లాడతాను గానీ చదవలేను. ఇక్కడి తెలుగువాళ్లు నా పేరు చూసి అటు మనిషంటారు, అటువాళ్లు నా యాస విని ఇటు పిల్లంటారు. ఈ రెండు భాషలతో ఆస్పత్రుల్లో పనిచేయాలనుంది. ఎలా?

డెవన్ అన్న:
చెల్లీ, "సగం అటు, సగం ఇటు" అని చెప్పుకోవడం ముందు మానెయ్. నీకు వచ్చినవి రెండు భాషలు, కాకపోతే రెండూ ఒకే స్థాయిలో రావు. ఆ తేడాను ఉన్నదున్నట్టు రాయి. "తెలుగు: మాట్లాడటం, చదవడం, రాయడం. ఉర్దూ: మాట్లాడటం మాత్రమే." రెండూ మాతృభాషలేనని రాశావనుకో, ఇంటర్వ్యూలో ఒక ఉర్దూ కరపత్రం చేతికిచ్చి చదవమంటే తెలుగు మీదున్న నమ్మకమూ పోతుంది.

మన ఇళ్లలో మాట్లాడేది దక్కనీ, అంటే హైదరాబాద్ వైపు ఉర్దూ. షికాగోలో మనవాళ్ల దుకాణాలుండే డెవన్ అవెన్యూలో హైదరాబాదీ పెద్దావిడ దగ్గర "నక్కో" (వద్దు), "హౌ" (అవును) అంటే ఆవిడ మనసు విప్పి మాట్లాడుతుంది. లాహోర్ నుంచి వచ్చిన రోగి దగ్గర మాత్రం "నహీఁ", "హాఁ" అనే అలవాటు చేసుకో. దక్కనీని వదులుకోమనడం లేదు, అది నీ సొత్తు. ఎదుటి మనిషిని బట్టి మారగలగాలి, అంతే.

లిపి కూడా నేర్చుకో. ఉర్దూలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు. "ఇస్" (ఈ), "ఉస్" (ఆ) రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఈ మాత్రా ఆ మాత్రా అన్నది వాక్యాన్ని బట్టే తేల్చుకోవాలి. మాటలు ముందే తెలిసిన నీకు ఇది తొందరగానే పట్టుబడుతుంది.

అరోరా అక్క:
అన్న చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను. వైద్య దుబాసీ పనికి ఇంగ్లిష్, తెలుగు వస్తే సరిపోదమ్మా. వైద్య దుబాసీలకు ధ్రువపత్రాలిచ్చే సంస్థ సీసీహెచ్‌ఐ వాళ్ల కోర్‌సీహెచ్‌ఐ పరీక్ష రాయాలంటే కనీసం 40 గంటల శిక్షణ ఉండాలి, రెండు భాషల్లో ప్రావీణ్యానికి రుజువూ చూపాలి. తెలుగువాళ్లు ఎక్కువగా తప్పేది ఒకచోట: రోగి "నాకు నొప్పిగా ఉంది" అంటే మనం "ఆయనకి నొప్పంట" అనేస్తాం. అలా అనకూడదు. రోగి "నేను" అంటే నువ్వూ "నేను" అనే చెప్పాలి. సొంతంగా ఏదీ కలపకూడదు, మొహమాటపడి ఏదీ దాచకూడదు.

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నావు కాబట్టి వారాంతాల్లో బయట దుబాసీగా డబ్బు తీసుకోకు. క్యాంపస్‌లో అయితే తరగతులు నడిచేటప్పుడు వారానికి 20 గంటల వరకు చేయొచ్చు. కోర్సులో భాగంగా బయట పనిచేసే అనుమతి, అంటే సీపీటీకి సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తవ్వాలి. ఇతరులు జీతానికి చేసే పనిని నువ్వు ఊరికే చేసినా చిక్కే, ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్ఓని అడుగు.

ఈరోజే యూనివర్సిటీ నీకిచ్చిన ఐ-20 పత్రంలో కోర్సు కోడ్ చూసుకో. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కిందికి వస్తాయి కాబట్టి 12 నెలల ఓపీటీ (చదువుకు తగ్గ పని చేసే అనుమతి) తర్వాత మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. మామూలు పబ్లిక్ హెల్త్ కోడ్‌కు ఆ పొడిగింపు రాదు. చాలామందికి ఈ సంగతి చివరి సెమిస్టర్‌లో తెలుస్తుంది, అప్పటికి కోర్సు మారే వీలుండదు.

నా మాటగా ఒకటి చెప్తాను. దుబాసీ పని గౌరవమైనదే, కానీ భాషలు వచ్చు కదా అని నీ ఆశను అక్కడితో ఆపేసుకోకు. మధుమేహం మీద సర్వే చేసేటప్పుడు ప్రశ్నలు తెలుగు ఇళ్లలో ఎలా అర్థమవుతాయో, ఉర్దూ ఇళ్లలో ఎలా అర్థమవుతాయో పరీక్షించి దిద్దగల మనిషి పరిశోధన బృందానికి కావాలి. గణాంకాల పని కూడా వస్తే ఆ బృందాన్ని నడిపే స్థాయికి వెళ్తావు. ఇంట్లోవాళ్లు "సాఫ్ట్‌వేర్ ఎందుకు తీసుకోలేదు" అంటే ఈ దారి వివరంగా చెప్పు.

డెవన్ అన్న:
మరొకటి. ఉద్యోగ దరఖాస్తుల్లో జాతి గురించి అడిగే గడిలో "ఏషియన్" పెట్టు. అమ్మానాన్నలిద్దరూ దక్షిణాసియా వాళ్లే కాబట్టి "రెండు లేక అంతకంటే ఎక్కువ" అన్నది నీకు వర్తించదు. ఆ ప్రశ్నకు జవాబివ్వడం ఐచ్ఛికం, వదిలేసినా ఫరవాలేదు. డెవన్‌కు లయోలా స్టేషన్ నుంచి 155 బస్సుంది. అరోరా బాలాజీ గుడికి యూనియన్ స్టేషన్‌లో మెట్రా రైలు ఎక్కి, అరోరాలో దిగాక క్యాబ్ తీసుకో.