నెట్‌లోగోలో వార్మ్ వ్యాప్తి: రన్‌కో ఫలితం ఎందుకొస్తోంది?

ప్రశ్న:
2003 జనవరి 25న వచ్చిన స్లామర్ వార్మ్ (సర్వర్ నుంచి సర్వర్‌కు తనంతట తానే పాకే హానికర ప్రోగ్రామ్) వ్యాప్తిని నెట్‌లోగోలో, అంటే ఏజెంట్లతో అనుకరణ చేసే సాఫ్ట్‌వేర్‌లో, చూపించాలి. మోడల్స్ లైబ్రరీలోని ‘వైరస్ ఆన్ ఎ నెట్‌వర్క్’ తీసుకుని నోడ్లు (కంప్యూటర్లు) 2,000 చేశాను, టిక్ (మోడల్‌లో ఒక కాల అడుగు) అంటే నిమిషం. కొన్ని రన్లలో వార్మ్ మొదట్లోనే చచ్చిపోతోంది, కొన్నింటిలో నోడ్లన్నీ ఎర్రబడుతున్నాయి, అంటే అన్నిటికీ సోకుతోంది. సగటు గీత ఏ రన్‌నూ పోలడం లేదు. తప్పెక్కడ?

జవాబు 1:
ముందు లింకులన్నీ తీసేయండి. ఆ మోడల్ తెరమీద దగ్గరున్న నోడ్లను కలుపుతుంది. స్లామర్‌కు ఇరుగుపొరుగు లేదు, 404 బైట్ల యూడీపీ ప్యాకెట్‌ను (జవాబు కోసం ఆగకుండా పంపే చిన్న డేటా మూటను) తోచిన ఐపీ అడ్రసుకల్లా విసిరింది. అలాగని 430 కోట్ల అడ్రసులకూ ఏజెంట్లు అక్కర్లేదు. లోపమున్న సర్వర్లు సుమారు 75,000, అవి చాలు. ఒక స్కాన్ (అలా విసిరిన ఒక ప్యాకెట్) వాటిలో ఒకదానికి తగిలే అవకాశం దాదాపు 57,000లో ఒకటి. సెకనుకు సగటున 4,000 స్కాన్లు అనుకుంటే, సోకిన ఒక్కో సర్వర్ నుంచి సెకనుకు 0.07 తగుళ్లు. ఆ సంఖ్యను ర్యాండమ్-పాయిసాన్‌కు (ఆ సగటు చుట్టూ యాదృచ్ఛిక పూర్ణసంఖ్యనిచ్చే ఆదేశం) ఇచ్చి, వచ్చినన్ని సార్లు వన్-ఆఫ్ టర్టిల్స్‌తో (టర్టిల్స్ అంటే నెట్‌లోగో ఏజెంట్లు) ఒక సర్వర్‌ను ఎంచుకోండి. అప్పటికే సోకినవాటిని వడకట్టకండి, అవి తగిలితే ఆ స్కాన్ వృథా కావాలి.

టిక్ ఒక సెకను చాలు. అసలు వార్మ్ 8.5 సెకన్లకోసారి రెట్టింపైంది, నిమిషం టిక్ పెడితే ఏడు రెట్టింపులు అందులోనే మునిగిపోతాయి. పై లెక్కతో మొదట్లో రెట్టింపుకు 10 సెకన్లు పడితే మోడల్ దారిలో ఉన్నట్టే.

జవాబు 2:
వార్మ్ చచ్చిపోవడానికి కారణం రికవరీ-ఛాన్స్, అంటే సోకిన నోడ్ కోలుకునే అవకాశం. పది నిమిషాల్లో 90 శాతం సర్వర్లు సోకిన చోట ప్యాచ్ వేసే వ్యవధి ఎవరికుంటుంది? దాన్ని 0 చేయండి.

కోడ్‌లో ‘ఆస్క్ టర్టిల్స్’ లోపల ‘ఇఫ్ ఇన్ఫెక్టెడ్?’ అని రాశారేమో చూడండి. అలా రాస్తే ఇప్పుడే సోకిన ఏజెంట్ వంతు తర్వాత వస్తే, అదే టిక్‌లో అదీ అంటిస్తుంది. ‘ఆస్క్ టర్టిల్స్ విత్ [ఇన్ఫెక్టెడ్?]’ అంటే జాబితా ముందే ఖాయమవుతుంది, గొలుసు తెగుతుంది.

సగటు గొడవ వేరు. ఒక్క సర్వర్‌తో మొదలుపెడితే తొలి తగులు ఎప్పుడన్నది పూర్తిగా అదృష్టం, గీతలు పక్కకు జరుగుతాయి. బిహేవియర్‌స్పేస్‌లో (మోడల్‌ను పదేపదే నడిపే నెట్‌లోగో పరికరం) 100 రన్లు తీసి, సోకినవి 100 దాటిన క్షణాన్ని సున్నాగా పెట్టుకుని గీతలు కలపండి. సగటు కాదు, మధ్యగతం గీయండి.

ప్రశ్న అడిగినవారు:
గీతలు కలిశాయండీ, రెట్టింపుకు 10 సెకన్లే వస్తోంది. కానీ అసలు వార్మ్ మూడు నిమిషాలకు నెమ్మదించింది కదా, నాది ఆలోపే అదే వేగంతో దాదాపు అన్ని సర్వర్లనూ చుట్టేస్తోంది.

జవాబు 1:
బ్యాండ్‌విడ్త్ (ఇంటర్నెట్ లింకు మోయగల పరిమితి) పెట్టలేదుగా. సర్వర్లను సైట్లుగా (ఒకే లింకు పంచుకునే గుంపులుగా) విడదీసి, ఒక్కో సైట్‌కు సెకనుకు ఇన్ని స్కాన్లేనని పరిమితి ఇవ్వండి. ఆ సైట్‌లో సోకిన సర్వర్లు దాన్ని పంచుకోవాలి. సైట్లన్నీ ఒకే సైజులో పెట్టకండి. రౌటర్ క్యూలు, ప్యాకెట్ నష్టం కూడా కొలవాలంటే అది నెట్‌లోగో పని కాదు, ప్యాకెట్ల స్థాయిలో నెట్‌వర్క్‌ను అనుకరించే ఎన్‌ఎస్-3లో చేయాలి. అయితే అక్కడ 75,000 సర్వర్లు చాలా భారం, కొన్ని వందలతో సరిపెట్టుకోండి.