రెండు డిస్‌ప్లేలూ అసలువే, అయినా ఫోన్ ఒప్పుకోదట. ఇంతకీ ఫోన్ ఎవరిది?

గోదారిగట్టు:
మా చెల్లి ఫోన్ కిందపడి డిస్‌ప్లే పగిలింది. సర్వీస్ సెంటర్ చెప్పిన రేటు వింటే ఇంకో ఫోన్ కొనడమే నయమనిపించింది. అదే మోడల్ ఫోన్ మా బాబాయి ఇంట్లో నీళ్లలో పడి చచ్చి ఉంది. దాని డిస్‌ప్లే తీసి దీనికి వేయించాం. రెండూ కంపెనీవే, రెండింటికీ బిల్లులున్నాయి. అయినా "గుర్తు తెలియని పార్టు" అని మెసేజ్. ఆటో బ్రైట్‌నెస్ కూడా పోయింది. షాపతని తప్పేం లేదు, సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవడం లేదంతే.

డబ్బు పెట్టి కొన్నాక లోపలి సాఫ్ట్‌వేర్‌ని మార్చుకునే హక్కు నాకుండాలా, వద్దా? ఉండాలనే నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి. "నచ్చకపోతే కొనకు" అని మాత్రం అనొద్దు.

హాట్‌ఎయిర్ (జగదీశ్ మార్కెట్, హైదరాబాద్):
తమ్ముడూ, రోజూ చూసే కేసే ఇది. డిస్‌ప్లే మీద చిన్న చిప్ ఉంటుంది, అందులో దాని సీరియల్ నంబర్. ఫోన్ ఆ నంబర్‌ను గుర్తుపెట్టుకుంటుంది. వేరే నంబర్ కనబడితే పరాయి పార్టు కింద లెక్క. కొన్ని మోడళ్లకు ప్రోగ్రామర్ అనే చిన్న మెషీన్ పెట్టి పాత డిస్‌ప్లే డేటాను కొత్తదానికి ఎక్కిస్తాం. దానికీ లొంగకపోతే పాతదాని మీద ఉన్న ఐసీనే, అంటే ఆ చిప్‌నే, వేడి గాలితో ఊడదీసి కొత్తదాని మీద అతికిస్తాం. అలా చేసేటప్పుడు ఒక్కోసారి డిస్‌ప్లే ఫ్లెక్స్ కేబుల్ కాలిపోతుంది, ఆ నష్టం నా నెత్తినే. పావుగంట పని గంటన్నర అవుతుంది. వస్తువు కస్టమర్‌ది, అడిగిందీ కస్టమరే. అయినా ఏదో దొంగపని చేస్తున్నట్టే ఉంటుంది.

చిప్పుమనిషి:
నేను ఫర్మ్‌వేర్, అంటే పరికరాల లోపల ఉండే సాఫ్ట్‌వేర్, రాసేవాణ్ని, ఏ కంపెనీ అని అడక్కండి. పార్టులను ఫోన్‌తో జత కట్టడం వెనక ఒక కారణం ఉంది. కొట్టేసిన ఫోన్ లాక్ అయి ఉంటే దొంగకు మిగిలేది పార్టుల డబ్బే. అదీ రాకుండా చేస్తాం. ఇక బ్యాటరీ. ఎంత వోల్టేజీ దగ్గర ఛార్జింగ్ ఆగాలో చెప్పేది సాఫ్ట్‌వేరే. ఎవరో వీడియో చూసి దాన్ని మార్చి, ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకుంటే? అంటుకున్నాక పేపర్లో వచ్చేది కంపెనీ పేరే. రిపేరుకు నేను సరే. మార్పులకు మాత్రం కాదు.

గోదారిగట్టు:
గ్యాస్ స్టవ్ బర్నర్లు నేనే విప్పి కడుక్కుంటున్నాను కదా సార్.

చిప్పుమనిషి:
కడుగుతున్నారు. రెగ్యులేటర్ మాత్రం విప్పడం లేదు.

డెన్వర్‌బాబు:
దొంగల వాదన నేనూ చాలాకాలం నమ్మాను. ఇక్కడ అమెరికాలో 2024 మార్చిలో ఒరెగాన్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. 2025 నుంచి తయారయ్యే పరికరాల్లో ఈ జత కట్టడాన్ని రిపేరుకు అడ్డంగా వాడకూడదని. ఏప్రిల్‌లో యాపిల్ ప్రకటన: వాడిన అసలు పార్టులు వేసినా ఫోన్‌లోనే క్యాలిబ్రేట్ చేసుకోవచ్చు (ఫోన్‌కు సరిపడేలా సర్దుకోవచ్చు), కానీ లాక్ అయిన ఫోన్ నుంచి ఊడదీసిన పార్టయితే కుదరదు. అంటే దొంగను ఆపడానికి యజమానిని ఆపనక్కర్లేదు. ఇది ముందే చేసి ఉండొచ్చు కదా అని నాకు ఇప్పటికీ కోపమే.

మిరపచేను:
మీరంతా ఫోన్ల దగ్గరే ఆగారు. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య నిబంధన వచ్చింది. ఇంజిన్‌ను ఇప్పుడు కంప్యూటర్ నడుపుతోంది. పొగ తగ్గింది, మంచిదే. ఇదివరకు మా ఊరి మెకానిక్ చెవి పెట్టి విని జబ్బు చెప్పేవాడు. ఇప్పుడు డ్యాష్‌బోర్డు మీద కోడ్ వస్తుంది, దాన్ని చదివే స్కానర్ డీలర్ దగ్గర. కోతల్లో మబ్బు పట్టి ఉండగా ఒక్కరోజు ఆగితే ఏమవుతుందో ఏసీ గదుల్లో వాళ్లకు తెలియదు. నాకు సాఫ్ట్‌వేర్ మార్చాలని లేదు, అది ఏమంటోందో చదవనిస్తే చాలు.

లాపాయింట్:
చదవనివ్వకపోవడం మీద మన దగ్గర ఒక పాత కేసుంది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదని 2014లో వ్యాపార పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి.

సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే మన కాపీరైట్ చట్టం చాలామంది అనుకునేంత కఠినం కాదు. సెక్షన్ 52 ప్రకారం, సక్రమంగా పొందిన ప్రోగ్రామ్‌ను అది ఇచ్చిన పనికి వాడుకోవడం కోసం మార్చుకుంటే ఉల్లంఘన కాదు. వ్యాపారానికి కాకుండా సొంతానికి మార్చుకున్నా కాదు. 2012లో చేర్చిన 65ఏ డిజిటల్ తాళం పగలగొట్టడాన్ని నేరమంది, అదీ కాపీరైట్‌కు గండి కొట్టే ఉద్దేశం ఉంటేనే. అమెరికాలో 1998 చట్టం అంతకంటే బిగువు. ట్రాక్టర్ల సాఫ్ట్‌వేర్ ముట్టుకోవడానికి 2015లో ప్రత్యేక మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది.

ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కూ ఉండే గుర్తింపు నంబర్) జోలికి మాత్రం ఎవరూ పోకండి. 2023 టెలికాం చట్టంలో మూడేళ్ల జైలు, 50 లక్షల జరిమానా దాకా ఉంది. ఇంకోటి, మార్చుకోవచ్చని చట్టం అన్నంత మాత్రాన తాళంచెవి ఇమ్మని కంపెనీకి చెప్పలేదు. బూట్‌లోడర్‌ను, అంటే ఫోన్ ఆన్ కాగానే సాఫ్ట్‌వేర్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్‌ను, బిగించేస్తే ఆ సెక్షన్ కాగితం మీదే ఉంటుంది.

డెన్వర్‌బాబు:
చిప్పుమనిషి గారు భద్రత అన్నారు కాబట్టి పోలండ్ రైళ్ల కథ. నేవాగ్ కంపెనీ తయారుచేసిన రైళ్లు వేరే వర్క్‌షాప్‌లో సర్వీసింగ్ అయ్యాక కదలలేదు. పార్టులన్నీ బాగానే ఉన్నాయి. ఆ వర్క్‌షాప్ డ్రాగన్ సెక్టర్ అనే హ్యాకర్లను పిలిపించింది. సాఫ్ట్‌వేర్‌లో పోటీ వర్క్‌షాప్‌ల జీపీఎస్ కోఆర్డినేట్లు ఉన్నాయని, రైలు అక్కడ కొన్ని రోజులు నిలబడితే లాక్ పడేలా రాశారని వాళ్లు 2023 డిసెంబర్‌లో బయటపెట్టారు. నేవాగ్ ఒప్పుకోలేదు, హ్యాకర్ల మీదే కోర్టుకెక్కింది.

చిప్పుమనిషి:
ఆ కోడ్ నిజమైతే దాన్ని నేను సమర్థించను. అది భద్రత కాదు, వ్యాపారానికి కాపలా. ఒక మెట్టు దిగుతాను: కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజున బూట్‌లోడర్ తాళం తీసేయాలి. దిక్కులేని ఫోన్‌ను యజమాని ఏం చేసుకున్నా సరే. ఛార్జింగ్ పరిమితులు మాత్రం అప్పుడూ ముట్టుకోకూడదు.

గోదారిగట్టు:
ఛార్జింగ్ సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. అప్‌డేట్లు ఆగేదాకా నేనేమన్నా అద్దెకుంటున్నానా? బిల్లు మీద "అమ్మకం" అనే ఉంది.

హాట్‌ఎయిర్:
మీ వాదన మీరు కానీయండి. తమ్ముడూ, చెల్లి ఫోన్ పగిలిన డిస్‌ప్లే దాచే ఉంచారు కదా? ఐసీ దాని మీదే ఉంటుంది. కొరియర్ చేస్తే నేను చూస్తా.

గోదారిగట్టు:
మొన్ననే చెత్తబండికి వేసేశాం అన్నా.