నవల కోసం చావుదేవతను పుట్టించవచ్చా?

పెన్నగట్టు: నేను రాస్తున్న నవలకు ధాత కరువు నేపథ్యం. 1876 నుంచి 78 దాకా కర్నూలు, కడప, బళ్లారి సీమల్లో జనం తిండిలేక రాలిపోయిన కాలం. అనంతపురం జిల్లాలో శవాల్ని మోసే దిక్కులేని ఒక ఊళ్లో తోడమ్మ అనే దేవత పుడుతుంది. పూర్తిగా నా కల్పన. ఆమె ప్రాణం తీయదు, పోయినవాళ్ల వెంట నడుస్తుంది. గుడి లేదు, విగ్రహం లేదు. గుంత తలాపున మూడు రాళ్లు పెట్టి, ఉప్పు వేయని జొన్నగంజి పోసి, పోయిన మనిషి పేరు గట్టిగా పిలవాలి. పిలిచేది కొడుకు కాదు, గుంత తవ్వినవాడు. ఆ మతంలో పూజారి అతనే. లేని దేవతను పుట్టించడం పాపమని మా ఇంట్లో గొడవ. మీరేమంటారు?

కొండారెడ్డిబురుజు: పాపమే. చావుకు యముడున్నాడు. ఆడదేవత ఎక్కడినుంచి వచ్చింది? రేపు ఎవరో ఒకరు నిజంగానే మూడు రాళ్లు పాతి హుండీ పెడతారు. 2021లో కోయంబత్తూరులో కరోనా దేవి విగ్రహం పెట్టి పూజలు చేశారు, చూడలేదా?

గుత్తికోట: చేస్తే ఏమైంది? అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టిన ఊళ్లే మనవి. మశూచి ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు. మారెమ్మ జాతరలు ఆగాయా? ఇక ఆడదేవత సంగతి. సంస్కృత భారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన కథ చదవండి. బ్రహ్మ కోపంలోంచి పుట్టిన మృత్యువు ఆడదే. ప్రాణులను చంపమంటే నావల్ల కాదని ఏడ్చింది, తపస్సుకు వెళ్లిపోయింది. చివరికి ఆమె కన్నీళ్లే రోగాలయ్యాయి.

కొండారెడ్డిబురుజు: ఆమెకు గుడి ఉందా, పూజ ఉందా? కథలో ఉండటం వేరు, మొక్కడం వేరు.

ఎర్రనేల: 1876లో అనంతపురం జిల్లా ఎక్కడిది? 1882లో బళ్లారి నుంచి విడదీశారు. ముందు అది దిద్దండి.

పెన్నగట్టు: ఊరు ఎక్కడుందో మీకు తెలియాలని ఇక్కడ అలా రాశాను. నవల్లో ఎవరూ జిల్లా పేరు ఎత్తరు.

ఎర్రనేల: పోస్టులో రాసినవారు నవల్లో రాయరని నమ్మకమేంటి? చరిత్ర నవలకు ఇలాంటివే ముఖ్యం.

చిత్రావతి: మా నాన్న రెండో వేవ్‌లో పోయారు. సంచీలో చుట్టి ఇచ్చారు. దాని మీద మార్కర్‌తో రాసిన ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. ఊరి శ్మశానంలోకి రానివ్వలేదు. జేసీబీతో తవ్విన గుంతలో దించి వెళ్లిపోయారు. ఆయన పేరు ఒక్కరూ పలకలేదు. తోడమ్మ గురించి చదివి చాలాసేపు ఏడ్చాను. ఈ దేవత నాకు కావాలి.

కొండారెడ్డిబురుజు: మీ బాధ అర్థమైంది అక్కా. కానీ దానికి శాస్త్రంలో దారులున్నాయి, తర్వాతైనా కర్మ చేయించవచ్చు. బాధ ఉందని దేవుళ్లను తయారు చేసుకుంటూ పోతే ఎలా?

చిత్రావతి: ఆ రోజు మీ శాస్త్రం తెలిసినవాళ్లు ఫోన్ కూడా ఎత్తలేదు. నాకు చెప్పకండి.

దిన్నెమీద: దేవత ఉండాలా వద్దా అని అందరూ కొట్టుకుంటున్నారు. గుంత ఎవరు తవ్వారో ఒక్కరూ అడగలేదు. మా జేజినాయన తవ్వాడు. మా నాయన చావులకు డప్పు కొట్టాడు. పెన్నగట్టు అన్నా, పూజారి అని పేరు పెట్టి మళ్లీ పార మా చేతికే ఇచ్చారు.

పెన్నగట్టు: తమ్ముడూ, నేనిచ్చింది గౌరవం. ఆ ఊళ్లో రెడ్డి కూడా అతని ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు.

దిన్నెమీద: శవం ఉన్నంతసేపు నిలబడతాడు. తర్వాత? మీ నవల్లో పెళ్లికి మంత్రం ఎవరు చదువుతారు? చావు దగ్గర మాత్రమే దొరికే గౌరవం మాకెందుకు?

గుత్తికోట: కరువులో తవ్వింది ఎవరో అందరికీ తెలుసు. అందరూ కలిసి తవ్వారని రాస్తే అది అబద్ధమే కదా.

దిన్నెమీద: కరువును మార్చమనలేదు. కరువు పోయి మతం నిలబడ్డాక, రెండో తరంలో పార ఎవరి చేతిలో ఉందో చెప్పమంటున్నా. దేవతనే పుట్టించిన మనిషికి ఆ పార చేతులు మార్చడం అంత కష్టమా?

కొండారెడ్డిబురుజు: కథలోకి కులం ఎందుకు తెస్తారు?

దిన్నెమీద: తెచ్చింది నేను కాదు. గుంత తవ్వేవాడు అన్న మాటలోనే ఉంది. మీకు కనపడలేదంతే.

పెన్నగట్టు: రెండో తరంలోనూ కొడుకు చేతికే పార వస్తుంది. మార్చను. ఎంత కరుణతో మొదలైన మతమైనా మన నేల మీద అలాగే గడ్డకట్టింది. అది చూపించాలనే ఇంత రాస్తున్నా.

దిన్నెమీద: అయితే వాడు ఆ పార కింద పడేసే పేజీ కూడా ఉండాలి. డప్పు ఇక కొట్టనని మా నాయన చెప్పాక ఊళ్లో ఏం జరిగిందో నాకు బాగా గుర్తు. కావాలంటే మెసేజ్ పెట్టండి, చెబుతా.