అప్‌డేట్: మా ఫౌండేషన్ శిబిరంలో బీపీ ఎక్కువగా చూపడానికి కారణం తెలిసింది

విజయవాడ చిట్టినగర్ వైపు కొండవాలు బస్తీల్లో మా ఫౌండేషన్ నడిపే ఉచిత శిబిరంలో 160, 170 చూపిన వారికే పట్టణ ఆరోగ్య కేంద్రంలో మామూలు బీపీ వస్తోందని, యంత్రం మార్చాలా అని ఇదివరకు ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

యంత్రంలో లోపమేమీ లేదు; పాదరసం పరికరంతో పోల్చి చూస్తే రెండూ దాదాపు ఒకటే చూపాయి. శిబిరానికి వచ్చి పరిశీలించిన ఫిజీషియన్ రెండు కారణాలు తేల్చారు. ఒకటి, మెట్లెక్కి ఆయాసంతో వచ్చినవారికి వెంటనే బీపీ చూడడం. రెండోది, ఇక్కడ ఒకరు సూచించినట్లే, కఫ్ (బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ) సైజు. కఫ్ మీద 22–32 సెం.మీ. అని ముద్రించి ఉండగా, భుజానికీ మోచేతికీ నడిమధ్యన టేపుతో కొలిస్తే కొందరు మహిళల చేయి చుట్టుకొలత 35 దాటింది. చేతికి చాలని కఫ్ బీపీని ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతుందట.

పెద్ద కఫ్ కొన్నాం. ఇప్పుడు ఐదు నిమిషాలు వీపు ఆనించి, మాట్లాడకుండా కూర్చున్నాక, చేయి గుండె ఎత్తులో బల్లపై ఉంచి రెండుసార్లు చూస్తున్నాం. 140/90 దాటితే మరో రోజు మళ్లీ చూసి, అప్పటికీ తగ్గకపోతే ఆరోగ్య కేంద్రానికి పంపుతున్నాం. 180/120 దాటితే మాత్రం ఆ రోజే పంపుతాం. పాత రీడింగులతో అనవసరంగా బెంగపడిన వారి ఇళ్లకు మా కార్యకర్తలే వెళ్లి మళ్లీ చూస్తున్నారు. కొందరికి నిజంగానే బీపీ ఉందని తేలింది. వారిని డాక్టరుకు చూపించాం. ఇప్పటికే మందులు వాడుతున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా మానవద్దని ప్రతి ఇంట్లోనూ చెబుతున్నాం.